సీసం లేని అతుకు

(ఎలక్ట్రానిక్స్ చదువుతున్న విద్యార్థులు, అధ్యాపకుల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర రెండు ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఎలక్ట్రానిక్స్ తయారీలోంచి సీసాన్ని తొలగించిన కథ చెప్పమన్నారు. ఈ కథను సాధారణంగా చట్టంతో మొదలుపెడతారు. నేను లోహంతో మొదలుపెడతాను. విడిభాగాలను సర్క్యూట్ బోర్డుకు అతికించే పనికి సీసం ఎంత చక్కగా కుదిరిందో తెలియకపోతే, దాన్ని వదిలించుకోవడానికి పరిశ్రమ అంతగా ఎందుకు జంకిందో అర్థం కాదు.

తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 63 పాళ్ల తగరానికి 37 పాళ్ల సీసం కలిపితే వచ్చే మిశ్రమం మాత్రం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. రెండు లోహాల్లో దేనికంటే కూడా తక్కువ వేడికి! పైగా ఆ ఒక్క ఉష్ణోగ్రత దగ్గరే పూర్తిగా ద్రవమవుతుంది, అక్కడే పూర్తిగా గట్టిపడుతుంది. సగం కరిగి సగం గట్టిగా ఉండే దశ లేదు. ఇలా కరిగించి అతుకు వేసే మిశ్రమాన్నే సోల్డర్ అంటారు. అది గట్టిపడేటప్పుడు విడిభాగం లోహపు కాలు కాస్త కదిలితే అతుకు లోపల పగులు వస్తుంది. ఆ దశే లేనప్పుడు పగిలే అవకాశం బాగా తగ్గుతుంది. ఈ మిశ్రమం రాగి మీద చక్కగా పరుచుకుంటుంది, చల్లారాక మెరుస్తుంది, మెత్తగా ఉండటం వల్ల బోర్డు వేడెక్కి చల్లబడే ప్రతిసారీ ఆ లాగుడును తనలో ఇముడ్చుకుంటుంది. దశాబ్దాల పాటు విమానాలు, ఆసుపత్రి యంత్రాలు, టెలిఫోన్ ఎక్స్చేంజీలు ఈ అతుకు మీదే నడిచాయి. సీసానికి ఇంకో గుణం కూడా ఉంది. దాని విలువ మనకు అది పోయాకే బాగా తెలిసివచ్చింది. దాని సంగతి కాసేపటికి చెబుతాను.

సీసం ఒక్క సోల్డర్‌లోనే లేదు. విడిభాగాల కాళ్లకు పూసే పూతలో ఉండేది. సర్క్యూట్ బోర్డు రాగి తుప్పు పట్టకుండా దాన్ని కరిగిన సోల్డర్‌లో ముంచి వేడిగాలితో చదును చేసేవారు, ఆ పొరలో ఉండేది. పాత టీవీల గాజు గొట్టంలో, ఎక్స్-కిరణాలు బయటికి రాకుండా ఆపడానికి, ఒక్కోదానిలో కిలోల లెక్కన ఉండేది. వైర్ల మీది పీవీసీ తొడుగు వేడికి చెడిపోకుండా సీసం లవణాలు కలిపేవారు. బజర్లలో, అల్ట్రాసౌండ్ యంత్రాల్లో వాడే, ఒత్తితే విద్యుత్తు పుట్టించే పీడన విద్యుత్ పింగాణీలో ఇప్పటికీ ఉంది. తేలిగ్గా తరగడానికి వీలుగా ఇత్తడిలో కూడా కొద్దిగా కలుపుతారు. పరికరం తయారుచేసే సంస్థలకే తమ వస్తువులో సీసం ఎన్ని చోట్ల ఉందో చాలాకాలం పూర్తిగా తెలియదు.

ఇప్పుడు శరీరంలోకి వద్దాం. మనిషి శరీరంలో సీసానికి పని ఏదీ లేదు. అయినా శరీరం దాన్ని లోపలికి రానిస్తుంది, ఎందుకంటే దాని అయాన్ కాల్షియాన్ని పోలి ఉంటుంది. దొంగ తాళంచెవిలా అది కాల్షియం వెళ్లే తలుపులన్నీ తెరుచుకుంటూ పోతుంది: పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి, ఎముకల్లోకి. రక్తంలో ఉన్న సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది. ఎముకల్లో చేరినది దశాబ్దాలు ఉంటుంది. గర్భిణి ఎముకల్లోంచి బిడ్డ కోసం కాల్షియం కదిలినప్పుడు దానితోపాటు ఎప్పుడో చిన్నప్పుడు చేరిన సీసం కూడా కదులుతుంది, మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరుతుంది. నాకు ఈ విషయం తెలిసిన నాటి నుంచి సీసాన్ని ఒక ముడిసరుకుగా మాత్రమే చూడటం సాధ్యం కాలేదు.

మింగిన సీసంలో పెద్దల శరీరం పట్టుకునేదానికంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. తెలివితేటలు, ఏకాగ్రత, వినికిడి దెబ్బతింటాయి. దెబ్బతిన్న మెదడును వెనక్కి తెచ్చే మందు లేదు. ఇంతవరకు ఉంటే హాని లేదని చెప్పగల స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పెద్దలకు రక్తపోటు, మూత్రపిండాల జబ్బులు వస్తాయి. 2020లో యూనిసెఫ్, కాలుష్యం మీద పనిచేసే ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే 80 కోట్ల మంది దాకా పిల్లల్లో, డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ సీసం ఉంది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మీ జేబులోని ఫోను సోల్డర్‌లో సీసం ఉన్నా, దాన్ని వాడటం వల్ల మీకు ఏమీ కాదు. ఆ లోహం ప్లాస్టిక్ పెట్టెలో, పూత కింద కదలకుండా ఉంటుంది. ప్రమాదం పరికరం జీవితానికి రెండు చివర్లలో ఉంది. ఒక చివర గనిలో, కొలిమి దగ్గర, ఫ్యాక్టరీలో కరిగిన సోల్డర్ తొట్టె పక్కన పనిచేసే మనిషి. రెండో చివర ఆ పరికరాన్ని పగలగొట్టి, బోర్డును బొగ్గుల మీద కాల్చి, చిప్పులు ఊడదీసే మనిషి, ఆ పక్కనే ఆడుకునే వాళ్ల పిల్లలు. మధ్యలో ఉన్న మనం సుఖంగా వాడుకుంటాం. డిజైన్ చేసేవాడు బల్ల ముందు కూర్చుని ఏ మిశ్రమం వాడాలో రాసే ఒక్క గీత, 15 ఏళ్ల తర్వాత ఎక్కడో ఒక పసివాడి రక్తంలో తేలుతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇదే. సీసాన్ని తీసేయడం మన సొంత రక్షణ కోసం చేసిన పని కాదు. మనకు ఎప్పటికీ కనిపించని వాళ్ల కోసం మన పని విధానం మొత్తాన్ని మార్చుకున్నాం.

చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని గ్వియు పట్టణం చాలాకాలం ప్రపంచంలోని ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు పెద్ద కేంద్రం. ఇళ్లలోనే బోర్డులు వేడిచేసి విడిభాగాలు ఊడదీసేవారు. అక్కడి చిన్నపిల్లల రక్తపరీక్షల ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. సగటున డెసిలీటరుకు 15.3 మైక్రోగ్రాముల సీసం. ఈ పని అంతగా లేని పొరుగు పట్టణం చెన్‌దియన్‌లో 9.94. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నుంచి 3.5 దాటితే చాలు, ఆ బిడ్డ మీద దృష్టి పెట్టాలంటోంది. పోల్చి చూడండి.

ఇక్కడ ఒక వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. ప్రపంచంలో వాడే సీసంలో ఎక్కువ భాగం వాహనాల, ఇన్వర్టర్ల బ్యాటరీలకే పోతుంది. ఎలక్ట్రానిక్స్ సోల్డర్ వాటా ఒక్క శాతం కూడా లేదు. అంత చిన్న వాటా కోసం ఇంత శ్రమ ఎందుకు? మంచి ప్రశ్నే. జవాబు ఆ సీసం ఎలా చెల్లాచెదురవుతుందన్న దానిలో ఉంది. బ్యాటరీలో సీసం కిలోల ముద్దగా ఉంటుంది. దానికి విలువ ఉంది, తిరిగి సేకరించే దారి ఉంది. సోల్డర్‌లో సీసం కోట్ల బోర్డుల మీద, ఒక్కో అతుకులో మిల్లీగ్రాముల లెక్కన పరుచుకుని ఉంటుంది. దాన్ని ఏరుకోవడం ఎవరికీ లాభసాటి కాదు. బంగారం, రాగి కోసం బోర్డును కాల్చేవాడికి సీసం వట్టి పొగ, బూడిద. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగేసింది. వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్లు లెక్క ఉన్నవి 22.3 శాతమే. తిరిగి చేతికి రాని వస్తువులో విషం పెట్టకుండా ఉండటం ఒక్కటే దారి. పెరట్లో బ్యాటరీలు పగలగొట్టి కరిగించే చోట్ల పిల్లలు పడుతున్న బాధ దీనికంటే పెద్దది. అది వేరే పోరాటం, అదీ చేయాల్సిందే. దాన్ని చూపించి దీన్ని ఆపడం మాత్రం న్యాయం కాదు.

ఇక చరిత్ర. తాగునీటి గొట్టాల అతుకుల్లో సీసాన్ని అమెరికా 1986లో నిషేధించింది. 1990ల మొదట్లో ఎలక్ట్రానిక్స్‌కు కూడా అలాంటి ఆంక్షలు పెట్టే బిల్లు సెనేట్‌లోకి వచ్చింది, చట్టం కాలేదు. కానీ ఆ బిల్లు భయపెట్టింది, భయం పరిశోధనను కదిలించింది. అయోవాలోని ఏమ్స్ ప్రయోగశాలలో ఐవర్ ఆండర్సన్ బృందం తగరం, వెండి, రాగి కలిపిన మిశ్రమాన్ని రూపొందించింది. 1996లో దానికి పేటెంట్ వచ్చింది. జపాన్ కంపెనీలు చట్టం కోసం ఎదురుచూడలేదు. 1998లోనే పానసోనిక్ సీసం లేని సోల్డర్‌తో మినీడిస్క్ ప్లేయర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత 2003 జనవరిలో యూరోపియన్ యూనియన్ ప్రమాదకర పదార్థాల నియంత్రణ ఆదేశాన్ని జారీచేసింది. అందరూ రోస్ (RoHS) అని పిలిచేది దీన్నే. గడువు 2006 జులై 1. ఆ తేదీ తర్వాత యూరప్ మార్కెట్లోకి వచ్చే పరికరాల్లో సీసం, పాదరసం, కాడ్మియం, ఆరు సంయోజకత ఉన్న క్రోమియం, రెండు రకాల బ్రోమిన్ సమ్మేళనాలు పరిమితికి మించి ఉండకూడదు. చైనా నిబంధనలు 2007లో అమలులోకి వచ్చాయి. భారతదేశం 2011 నాటి ఈ-వ్యర్థాల నియమాల్లో ఇవే పరిమితులను చేర్చి, 2014 మే నుంచి అమలుచేసింది.

పరిమితి సీసానికి 0.1 శాతం. దేనిలో 0.1 శాతం? దీని మీదే చాలామంది తడబడ్డారు. మొత్తం ఫోను బరువులో అనుకుంటే ఏ పరికరమైనా తేలిగ్గా నెగ్గేది. చట్టం చెప్పినది ఒకే తీరున ఉండే ప్రతి పదార్థంలో, అంటే యాంత్రికంగా ఇంకా విడదీయలేని ప్రతి పదార్థంలో. బియ్యపు గింజలో సగం కూడా లేని ఒక రెసిస్టర్‌ను తీసుకోండి. దాని పింగాణీ ఒక పదార్థం, చివర్ల మీది తగరపు పూత వేరే పదార్థం. కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉన్న ఆ పూతలోనే 0.1 శాతం దాటిందంటే మొత్తం టీవీ అమ్మకానికి పనికిరాదు. ఎంత బలమైన నిబంధన చూడండి! చట్టం రాసినవాళ్లలో ఈ ఒక్క వాక్యం రాసినవారిని నేను నిజంగా గౌరవిస్తాను. దీనివల్ల ప్రతి తయారీదారూ తనకు సరుకు ఇచ్చేవాణ్ని, వాడు తనకు ఇచ్చేవాణ్ని, ఇలా గని దాకా అడుగుతూ పోవాల్సి వచ్చింది. ఆ అడగడం అంతకుముందు జరగలేదు. 2001 చివర్లో నెదర్లాండ్స్ అధికారులు 13 లక్షల సోనీ ప్లేస్టేషన్ ఆట యంత్రాలను ఆపేశారు. కారణం కేబుళ్లలో కాడ్మియం. అంత పెద్ద సంస్థకే తన కేబుల్‌లో ఏముందో తెలియకపోయిందంటే మిగతా వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీలోకి రండి. సీసానికి బదులు ఎక్కువమంది ఎంచుకున్న మిశ్రమం 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, అర శాతం రాగి. ఇది 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. పాతదానికంటే 34 డిగ్రీలు ఎక్కువ. వినడానికి 34 డిగ్రీలే. కానీ బోర్డు మీద చిన్న భాగం త్వరగా వేడెక్కుతుంది, పెద్ద భాగం ఆలస్యంగా వేడెక్కుతుంది. అన్నిటికంటే చల్లగా ఉన్న అతుకు కూడా సరిగ్గా కరగాలంటే ఇప్పుడు 235 దాకా వెళ్లాలి. అన్నిటికంటే వేడెక్కిన భాగం 245 నుంచి 260 దాటకూడదు. ఇదివరకు మధ్యలో పుష్కలంగా ఉన్న జాగా ఇప్పుడు చాలా ఇరుకైంది. ప్లాస్టిక్ కనెక్టర్లు వంగిపోయాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉబ్బాయి. గాలిలోని తేమ పీల్చుకున్న చిప్పులు, సోల్డర్ కరగడానికి బోర్డును వేడిచేసే ఓవెన్‌లో, లోపలి ఆవిరికి చీలిపోయాయి. బోర్డు పొరలు విడిపోయాయి. కరిగిన తగరం ఎక్కువైన కొత్త మిశ్రమం స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టెలను కూడా తినేసింది. అప్పటిదాకా ఏళ్ల తరబడి పనిచేసిన తొట్టెలకు గుంటలు పడ్డాయి, వాటిని టైటానియంతోనో పూత వేసిన ఉక్కుతోనో మార్చాల్సి వచ్చింది.

ఇంకో ఇబ్బంది కళ్లకు సంబంధించినది. పాత అతుకు అద్దంలా మెరిసేది. మెరవకపోతే చెడ్డ అతుకు అని తనిఖీ చేసేవాళ్లకు నేర్పించాం. కొత్త మిశ్రమం సహజంగానే మసకగా, గరుకుగా గట్టిపడుతుంది. మంచి అతుకులను కూడా చెడ్డవని పక్కన పెట్టి, మళ్లీ వేడిచేసి, ఆ వేడితో నిజంగానే పాడుచేసిన రోజులు ఉన్నాయి. తనిఖీ ప్రమాణాలను తిరగరాయాల్సి వచ్చింది, కళ్లకు కొత్తగా నేర్పాల్సి వచ్చింది.

అతుకు లోపల ఏముందో కూడా చూడండి. కొత్త అతుకును అడ్డంగా కోసి, నునుపుగా సానబట్టి, ధ్రువీకృత కాంతి ఉన్న సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక అందమైన దృశ్యం కనిపిస్తుంది. పాత మిశ్రమంలో తగరం, సీసం సన్నని రేణువులుగా కలగలిసి ఉండేవి. ఇక్కడ గోళాకారపు అతుకు మొత్తం ఒకే ఒక్క తగరపు స్ఫటికం కావచ్చు, లేదా మూడు దిశల స్ఫటికాలు ఆరు రేకులుగా ఒకే బిందువు చుట్టూ అమరి ఉండవచ్చు. బోర్డును తిప్పుతుంటే ఒక్కో రేకు వెలుగుతుంది, ఆరిపోతుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ దీనిలో ఒక చిక్కు ఉంది. వేడికి తగరం స్ఫటికం ఒక దిశలో వ్యాకోచించేదానికి దాదాపు రెట్టింపు ఇంకో దిశలో వ్యాకోచిస్తుంది. స్ఫటికం ఏ దిశలో గట్టిపడుతుందో మన చేతిలో లేదు. అందుకే పక్కపక్కనే, ఒకే ఓవెన్‌లో, ఒకే సోల్డర్ పేస్టుతో చేసిన రెండు అతుకుల్లో ఒకటి వేల సార్లు వేడెక్కి చల్లబడినా నిలుస్తుంది, రెండోది ముందే పగులుతుంది. పాత లెక్కలన్నీ పక్కన పెట్టి, అతుకు ఆయుష్షును అంచనా వేసే పద్ధతులనే కొత్తగా కనిపెట్టాల్సి వచ్చింది. ఫోను కిందపడితే గట్టి మిశ్రమం పెళుసుగా తెగుతుందని తెలిశాక, వెండిని 3 శాతం నుంచి 1 శాతానికి తగ్గించిన మిశ్రమాలు వచ్చాయి.

సీసానికి ఇంకో గుణం ఉందన్నాను కదా. స్వచ్ఛమైన తగరపు పూత మీంచి, ఎవరూ ఏమీ చేయకుండానే, సన్నని తీగలు మొలుస్తాయి. వీటిని తగరం మీసాలు అంటారు. మందం కొన్ని మైక్రాన్లు, అంటే మనిషి వెంట్రుకలో పదోవంతు కూడా ఉండకపోవచ్చు. పొడవు మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చు. కింద ఉన్న రాగి మెల్లగా తగరంతో కలిసి కొత్త సమ్మేళనంగా మారుతుంటే పూతలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి బయటికి వచ్చే దారే ఈ మీసం. వారాల్లో మొలవవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. పక్కనున్న కాలిని తాకితే షార్ట్ సర్క్యూట్. కాస్త సీసం కలిపితే ఇవి రావని బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు 1950ల నాటికే గుర్తించారు. అంటే సీసం దశాబ్దాల పాటు నిశ్శబ్దంగా ఒక కాపలా కాసింది.

1998 మే 19న గెలాక్సీ 4 అనే సమాచార ఉపగ్రహం అదుపు తప్పింది. అమెరికాలో పేజర్లు చాలావరకు మూగబోయాయి. నియంత్రణ ప్రాసెసర్ వైఫల్యాన్ని తగరం మీసాలతో ముడిపెట్టారు. శూన్యంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నేల మీద సన్నని మీసం గుండా కరెంటు పోతే అది కాలి తెగిపోతుంది, కథ అక్కడితో ముగియవచ్చు. శూన్యంలో ఆ ఆవిరైన లోహమే మెరుపులా కరెంటును మోస్తుంది. కాబట్టి అంతరిక్ష, రక్షణ రంగాల ఇంజినీర్లు సీసాన్ని వదలబోమన్నప్పుడు వాళ్లను మొండివాళ్లు అనడం తప్పు. వాళ్ల భయానికి ఆధారం ఉంది. ఆ రంగాలు ఈ చట్టం పరిధిలో లేవు కూడా.

మిగిలిన పరిశ్రమ దారులు వెతికింది. రాగికి, తగరానికి మధ్య నికెల్ పొర వేసింది. మెరిసే పూతకు బదులు పెద్ద రేణువులున్న మసక పూత వాడింది. పూత వేసిన 24 గంటల లోపు 150 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేసి ఒత్తిడిని తీసేసింది. ముఖ్యమైన బోర్డుల మీద రక్షణ పూత వేసింది. మీసాలు పూర్తిగా ఆగిపోయాయని నేను చెప్పను, ప్రమాదం అదుపులోకి వచ్చింది. 2006 తర్వాత ప్రపంచంలోని ఎలక్ట్రానిక్స్ కూలిపోతాయని అప్పట్లో గట్టిగా చెప్పినవారు ఉన్నారు. కూలలేదు. మన చేతుల్లో ఉన్న కోట్ల పరికరాలే దానికి సాక్ష్యం. గడువు తేదీ లేకుండా స్వచ్ఛందంగా మారండి అని ఉంటే ఈ సమస్యల్లో ఏ ఒక్కదానికీ ఇంత తొందరగా పరిష్కారం దొరికేది కాదని నా గట్టి నమ్మకం.

కొత్తదానికీ ఒక వెల ఉంది. దాన్ని దాచకూడదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2005లో సోల్డర్ల పూర్తి జీవితచక్రాన్ని పోల్చి చూసింది. విషప్రభావంలో సీసం మిశ్రమం అన్నిటికంటే చెడ్డదని తేలింది. కానీ శక్తి వాడకంలో, వెండి తవ్వకం వల్ల కలిగే భారంలో వెండి మిశ్రమాలే ఎక్కువ చెడ్డవి. అందుకే ఇప్పుడు తగరం, బిస్మత్ అనే లోహం కలిపిన మిశ్రమాల మీద ఆసక్తి పెరిగింది. 42 పాళ్ల తగరం, 58 పాళ్ల బిస్మత్ అయితే 138 డిగ్రీలకే కరుగుతుంది. ఓవెన్ వేడి తగ్గుతుంది, పలుచని బోర్డులు వంగవు. లెనోవో 2017లో ఇలాంటి తక్కువ వేడి పద్ధతిని ప్రకటించింది. మిశ్రమం పెళుసు, అది ఒక లోపం. రెండోది మరీ ముఖ్యమైనది. బిస్మత్ చాలావరకు సీసం శుద్ధిచేసేటప్పుడే ఉపఉత్పత్తిగా దొరుకుతుంది. సీసం నుంచి పారిపోతూ సీసం కొలిమి మీదే ఆధారపడే పరిస్థితి రాకుండా చూసుకోవాలి.

ఆఖరుగా మినహాయింపుల సంగతి. ఇది ఎక్కువమందికి తెలియదు. సీసం లేదు అని ముద్ర ఉన్న ఛార్జర్‌ను విప్పి, లోపలి పవర్ చిప్పును కోసి చూస్తే, సిలికాన్ ముక్కను లోహపు పలకకు అతికించిన పొరలో 85 శాతానికి పైగా సీసం కనిపించవచ్చు. చట్టవిరుద్ధం కాదు. చిప్పు లోపలి అతుకు బయటి అతుకు వేసేటప్పుడు కరగకూడదు. బయట 245 డిగ్రీలు దాటుతోంది కాబట్టి లోపలిది 300 దగ్గర కరిగేదై ఉండాలి, మెత్తగానూ ఉండాలి. ఆ రెండు గుణాలూ తక్కువ ఖర్చులో ఇచ్చే లోహం సీసం తప్ప ఇంకా స్థిరపడలేదు. బంగారం, తగరం మిశ్రమం 280 డిగ్రీలకు కరుగుతుంది కానీ ఖరీదు భరించలేం. వెండి పొడిని ఒత్తిడితో, వేడితో కలిపి గట్టిపరిచే పద్ధతి విద్యుత్ వాహనాల పవర్ మాడ్యూళ్లలో బాగా పనిచేస్తోంది. దాన్ని రూపాయల్లో అమ్మే చిన్న డయోడ్ దాకా తేవాలి. మీలో పదార్థ విజ్ఞానం చదివేవారు పరిశోధనకు అంశం వెతుకుతుంటే ఇది తీసుకోండి. సౌర ఫలకాలు కూడా యూరప్ చట్టం పరిధిలో లేవు. వాటి సెల్‌లను కలిపే రిబ్బన్ల మీద ఇప్పటికీ చాలావరకు సీసం సోల్డరే ఉంది. రాబోయే దశాబ్దాల్లో ఆ ఫలకాలు గుట్టలుగా బయటికి వస్తాయి. వాటి కోసం గడువు తేదీ ఇప్పుడే పెట్టాలి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: మేం కాలేజీ ప్రయోగశాలలో ఇప్పటికీ సీసం ఉన్న సోల్డర్ తీగే వాడుతున్నాం సార్. ఆ పొగ పీలిస్తే సీసం శరీరంలోకి వెళ్తుందా?)

పొగలో సీసం దాదాపు ఉండదు. మీ సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడికి సీసం చెప్పుకోదగినంతగా ఆవిరి కాదు. మీరు చూసే తెల్లటి పొగ, అతుకు బాగా పట్టడానికి తీగలో పెట్టే ఫ్లక్స్‌ది, దానిలో ఉండే రోజిన్ అనే చెట్టు జిగురుది. అది సీసం లేని తీగలోనూ ఉంటుంది, ఆస్తమా తెస్తుంది. కాబట్టి పొగ లాగే ఫ్యాన్ రెండింటికీ కావాలి. సీసం లోపలికి వెళ్లేది చేతుల ద్వారా. తీగ పట్టుకున్న వేళ్లకు సన్నని మసి అంటుతుంది, ఆ వేళ్లతోనే ఏదో తింటారు. రెండో చెయ్యి ఖాళీ లేక తీగను పళ్ల మధ్య పట్టుకునేవాళ్లను నేను చూశాను. దయచేసి అది ఎప్పుడూ చేయకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ బల్ల మీద తినడం, తాగడం ఉండకూడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సీసం లేని తీగతోనే మొదలుపెట్టిస్తే ఇంకా మంచిది. మొదట్లో కాస్త కష్టంగా అనిపిస్తుంది, వారం తిరిగేసరికి చెయ్యి అలవాటు పడుతుంది.

(ప్రశ్న: పాత పరికరాలను బాగుచేసేటప్పుడు పాత సోల్డర్ మీద కొత్తది వేయవచ్చా?)

వేయకుండా ఉండటమే మేలు. బోర్డు ఏ సోల్డర్‌తో తయారైందో దానితోనే బాగుచేయాలి. లేదంటే పాతది పూర్తిగా పీల్చి, రాగి అల్లిక తీగతో తుడిచి, అప్పుడు కొత్తది వేయాలి. అన్నిటికంటే ప్రమాదకరమైనది బిస్మత్ ఉన్న కొత్త మిశ్రమాన్ని సీసం ఉన్న అతుకుతో కలపడం. తగరం, సీసం, బిస్మత్ మూడూ కలిస్తే 96 డిగ్రీలకే కరిగే భాగం ఒకటి ఏర్పడుతుంది. అంటే నీరు మరిగేలోపే అతుకు జారిపోతుంది. వేడెక్కే పరికరంలో అలాంటి అతుకు నిలవదు. అందుకే బోర్డు మీద ఏ సోల్డర్ వాడారో గుర్తు వేసి ఉంటే చూసుకోండి, మీరు మార్చితే మీరే గుర్తు వేయండి. రెండు రకాలకూ ఐరన్ మొనలు వేరుగా ఉంచండి. పీల్చిన సోల్డర్, వాడిన అల్లిక తీగ, తొట్టెలోంచి తీసిన తెట్టు అన్నీ మూత ఉన్న డబ్బాలో వేసి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. అందరూ మరచిపోయేది ఐరన్ మొన తుడిచే స్పాంజి. దాని నిండా సోల్డర్ రేణువులు ఉంటాయి, ఎండితే దుమ్మై లేస్తాయి. దాన్ని చెత్తబుట్టలో పడేయకండి, అదే డబ్బాలో వేయండి.